తడిసిన ఎడమ భుజం

ఫిబ్రవరి 9

మరదలికి,

వదిన దీవెనలు, కాసిని చివాట్లు కూడా. దీవెనలు ఎప్పుడూ ఇచ్చేవే. చివాట్లు ఎందుకంటే, పోయిన ఉత్తరంలో "అంతా కులాసాయే కదా" అని అడిగి చేతులు దులుపుకున్నావు. కులాసా అయితే యాడ్ తీయించమని నేనెందుకు వెంటపడతాను?

ఉన్నమాట రాసేస్తున్నాను. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. పడిన ఆ కాస్త వానకీ జనం మడతపెట్టి సంచిలో కుక్కుకునే చవక గొడుగులు కొన్నారు. గాలి గట్టిగా వీస్తే అవి పైకి తిరగబడి గిన్నెల్లా అయిపోతాయి. అయినా వాటినే కొంటున్నారు. మన గొడుగుల కార్ఖానాలో కుట్టుమిషన్లు సగానికి సగం ముసుగుతన్ని పడుకున్నాయి. సిమెంటు వ్యాపారి ఒకాయన గోడౌన్‌కి పనికొస్తాయేమోనని మన షెడ్లు చూసి వెళ్ళాడు. చూడటం కాదు, పుచ్చకాయ కొనేవాడిలా గోడలన్నీ తట్టి మరీ చూశాడు. ఈ వానాకాలం కూడా గొడుగులు కదలకపోతే షెడ్లు ఆయనకి ఇచ్చేసి కార్ఖానా మూసేద్దామని మీ అన్నయ్యా నేనూ అనుకున్నాం. అనుకున్నామంటే, నేను అన్నాను, ఆయన ఊచలు వంచుకుంటూ "ఊ" అన్నారు. ఆ పూట ఆయన భోజనం ముట్టలేదు.

మామయ్యగారు ఒక్క మిషన్‌తో మొదలుపెట్టిన కార్ఖానా ఇది. నా చేతుల మీదుగా మూతపడటం నాకు ఇష్టం లేదు. ఉన్న ఒక్క దారి నువ్వు. మీ ఆఫీసు చేత యాడ్ తీయించు. ఎలా ఉండాలో కూడా రాస్తున్నాను, తర్వాత తెలియదనకు. మొదటి నుంచి చివరి దాకా గొడుగు కనపడాలి. పెద్దగా కనపడాలి, టీవీ నిండా. వెనకాల గంభీరమైన గొంతు ఒకటి "ఉక్కు ఊచలు, తుప్పు పట్టవు, గుడ్డ కారదు" అని చెప్పాలి. "కారదు" అన్నమాట వీలైతే రెండుసార్లు అనిపించు. మిగిలినది నీ ఇష్టం.

మిగిలింది ఏముంది అంటావేమో. ఏమీ లేదు. అందుకే నీ ఇష్టం అన్నాను.

ఆశలన్నీ నీ నెత్తిన పెట్టి,
నీ వదిన


ఫిబ్రవరి 20

వదినా,

నమస్కారాలు. చివాట్లు అందాయి. దీవెనలతో పాటు భద్రంగా దాచుకున్నాను.

మూసేసే దాకా వచ్చిందని నాకు తెలియదు. ఉత్తరం చదవగానే లేచి తిన్నగా మా బాస్ గదికి వెళ్ళి, ఈ యాడ్ నాకే కావాలని పోట్లాడి తెచ్చుకున్నాను. నీ దగ్గర నేర్చుకున్న పోట్లాటే, పనికొచ్చింది.

నా ఉద్యోగం ఏమిటో నీకు ఇప్పటికీ సరిగ్గా తెలియదని నాకు తెలుసు. "మా మరదలు యాడ్లు తీస్తుంది" అని అందరికీ చెబుతావట. తీసేది డైరెక్టరు. మాట్లాడేది నటులు. వాళ్ళ వెనక ఉండేవన్నీ నా పని. గోడ, గోడకి మేకు, మేకుకి తగిలించిన తువ్వాలు, ఆ తువ్వాలు కొత్తదా వాడిందా, ఇవన్నీ నేను చూసుకోవాలి. పోయినేడు ఒక స్టవ్ కంపెనీకి చేశాం. ముందు ఇల్లాలు నవ్వుతూ వంట చేస్తుంటుంది. వెనక బల్ల మీద నేను ఒక కంచం పెట్టి, దాని మీద ఇంకో కంచం బోర్లించాను. అంతే. యాడ్‌లో ఎవరూ దాని ఊసెత్తరు, కెమెరా దాని దగ్గరికి వెళ్ళదు. అయినా టీవీలో వచ్చాక ఆ కంపెనీకి ఉత్తరాలు మొదలయ్యాయి, "ఆ ఇంట్లో ఇంకా ఎవరు రావాలండీ?" అని. మా అబ్బాయికి నేనూ అలాగే మూతపెట్టి కూర్చుంటానని ఒకావిడ రాసింది. ఉత్తరంలో స్టవ్ గురించి ఒక్క ముక్క లేదు. కానీ ఆవిడ కొన్నది ఆ స్టవ్వే.

చూసేవాళ్ళకి మనం వేలు పెట్టి చూపించకూడదు వదినా. వాళ్ళంతట వాళ్ళు కనిపెట్టాలి. కనిపెట్టింది వాళ్ళ సొంతమైపోతుంది, ఇంక మరిచిపోరు.

నాకు అక్కడి నుంచి రెండు వస్తువులు కావాలి. ఒకటి మన గొడుగే, కానీ వాడింది, పిడి అరిగింది. రెండోది అన్నయ్య పాత చొక్కా, లేత నీలం రంగుది ఉంటే మరీ మంచిది. ఎందుకని మాత్రం అడక్కు. ముందే చెబితే పస పోతుంది.

నీ మాట వినని
మరదలు


మార్చి 3

మరదలికి,

దీవెనలు ఈసారి కొంచెం తగ్గించాను.

నీ ఉత్తరం చదివి ఒంటికాలి మీద లేచాను. అరిగిపోయిన గొడుగు కావాలా! పెళ్ళికూతురిని చూస్తామని వచ్చినవాళ్ళ ముందు అమ్మమ్మని తెచ్చి కూర్చోబెడతారా ఎవరైనా? అందుకే కొత్తవి పంపుతున్నాను. ఈ నెలలో కుట్టినవాటిలోకెల్లా మంచివి నేనే ఏరి, ఒక్కొక్కటీ తెరిచి మూసి చూసి మరీ పెట్టాను. ఆ పిడి వార్నిష్ మీద వేలు పెట్టావంటే వేలిముద్ర పడుతుంది, జాగ్రత్త.

చొక్కా సంగతి ఇంకా బాగుంది. మీ అన్నయ్య పాత చొక్కాలతో తిరుగుతున్నారనీ, నేను పట్టించుకోవడం లేదనీ నీ ఉద్దేశమైతే సూటిగా రాయి, డొంకతిరుగుడు ఎందుకు? లేత నీలం చొక్కా కొత్తది కొని, అట్టా గుండుసూదులతో సహా పార్సిల్‌లో పెట్టాను. మీ ఆఫీసులో అందరికీ చూపించు. మా ఇంట్లో మగాళ్ళు ఇలాంటివే వేసుకుంటారని చెప్పు.

ఇక్కడ సంగతులు చెప్పుకోవడానికి ఏమీ లేవు. పెద్ద డీలరు దగ్గరికి నేనే స్వయంగా వెళ్ళాను. కుర్చీలోంచి లేవలేదు సరికదా, చేతిలో పేపరు కూడా దించలేదు. పేపరు వెనక నుంచే "మీ గొడుగులు మంచివేనమ్మా, అడిగేవాళ్ళే లేరు" అన్నాడు. దారంతా మండిపడుతూ వచ్చాను. కుట్టేవాళ్ళలో ముగ్గురు రెడీమేడ్ బట్టల కంపెనీలో చేరిపోయారు. వెళ్ళేటప్పుడు ఏడ్చారు. పొమ్మని నేనే చెప్పాను, ఇంకేం చెప్పను?

కాబట్టి యాడ్ బాగా తియ్యి తల్లీ. గొడుగు బాగా కనపడాలి.

కోపంగా,
నీ వదిన

తా.క. ఆ స్టవ్ యాడ్‌లో ఇంతకీ ఎవరు రావాలి? మీ అన్నయ్యని అడిగితే ఆలోచిస్తున్నారు.


మార్చి 29

వదినా,

నమస్కారాలు. ఎవరు రావాలో నాకూ తెలియదు. అదే కదా కిటుకు! అన్నయ్యని ఆలోచించనీ.

యాడ్ అయిపోయింది. క్యాసెట్టు ఇందులోనే పంపుతున్నాను. ముందుగా నాలుగు నేరాలు ఒప్పేసుకుంటాను, తర్వాత తిడుదువుగాని. నువ్వు పంపిన కొత్త చొక్కాని చిన్నదిగా కుట్టించి, ఉతికి ఆరేసి, ఉతికి ఆరేసి, కాలరు కాస్త పీచు లేచేదాకా మా డ్రెస్సుల ఆవిడ తల ప్రాణం తోకకి తెచ్చాను. నీ వార్నిష్ పిడిని గరుకు కాగితంతో రుద్దాను. రుద్దుతుంటే నువ్వు వెనక నుంచుని చూస్తున్నట్టే అనిపించి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. పాప బడిసంచికి ఉన్న పట్టీని తెంపి, వేరే రంగు దారంతో వంకరటింకరగా కుట్టించాను. గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా కూడా మా వీధిలో ఒకరింటి నుంచి అడిగి తెచ్చిందే. కొత్తది ఇచ్చి పాతది పట్టుకుపోతుంటే ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

కథ చాలా చిన్నది. వాన. బడి నుంచి పాపా, వాళ్ళ అన్నయ్యా ఒకే గొడుగులో ఇంటికొస్తుంటారు. పాప ఆపకుండా కబుర్లు చెబుతుంటుంది, టీచరు ఏమంది, పక్క పిల్ల ఏమంది. కెమెరా పాప మీదే ఉంటుంది. ఇంటికి రాగానే అమ్మ తలుపు తీసి, పాప తల తడిమి చూసి, "చుక్క కూడా తడవలేదే!" అంటుంది. పాప లోపలికి పరిగెడుతుంది. చివర్లో మన గొడుగు పేరు వస్తుంది. గంభీరమైన గొంతు లేదు, క్షమించు.

వాన కోసం నీళ్ళ ట్యాంకరు తెప్పించాం. ఆ పైపు పట్టుకున్నాయన ఒకసారి గురితప్పి డైరెక్టరుని తడిపేశాడు. సెట్టంతా నవ్వులు.

దీన్ని రెండుసార్లు చూడు వదినా. రెండోసారి పాపని చూడకు. వెనక చూడు. అన్నయ్యని కూడా పక్కన కూర్చోబెట్టుకో. నువ్వు సంతకం పెట్టి పంపితే టీవీకి వెళ్ళిపోతుంది.

నీ సంతకం కోసం ఎదురుచూస్తున్న
నీ మరదలు


ఏప్రిల్ 6

మరదలికి,

దీవెనల సంగతి తర్వాత. కొంప ముంచావు కదే!

మొదటిసారి చూశాను. పిల్ల బాగుంది, గొడుగు సరిగ్గా కనపడలేదు. సరే, చదువుకున్నది చెప్పింది కదా అని రెండోసారి నువ్వు చెప్పినట్టే వెనక చూశాను. గుమ్మం బయట గొడుగు దులుపుతున్న ఆ అబ్బాయి చొక్కా తడిసిపోయి ఉంది! ఎడమ భుజం నుంచి మోచేతి దాకా గుడ్డ ఒంటికి అతుక్కుపోయింది. పైగా వాడు చేతిని పిండుకుంటున్నాడు కూడా. గొడుగు చేతిలో పెట్టుకుని తడిసినవాణ్ణి చూస్తే జనం ఏమనుకుంటారు? గొడుగు కారుతోందనుకుంటారు. "కారదు" అని రెండుసార్లు చెప్పించమన్నాను. నువ్వేమో కారుతుందని బొమ్మ వేసి మరీ దేశమంతా చాటబోతున్నావు.

గొడుగులు చేసేదాన్ని నేను. ఒక గొడుగు వెనక్కి వచ్చిందంటే నేను మొట్టమొదట అడిగేది "ఎక్కడ తడిసింది?" అనే. భుజం తడిసిందంటే అతుకు దగ్గర కుట్టు వదిలిందని అర్థం. మా కుట్టేవాళ్ళు ఇది చూస్తే తలెత్తుకుంటారా?

నీ చిన్నప్పుడు నీ జడ బిగించి వేసేదాన్నని ఆ కసి ఇప్పుడు తీర్చుకుంటున్నావా అని కూడా అనుకున్నాను. ఆ సంచి పట్టీ కుట్టు చూసి మా గుమాస్తా కూడా నవ్వాడు. మీ అన్నయ్యకి చూపించలేదు. ఏ మొహం పెట్టుకుని చూపించను? చెల్లెలు యాడ్ తీసిందని ఆయన నాలుగు రోజులుగా ఈల వేస్తున్నారు.

ఆ చొక్కా ఆరబెట్టి మళ్ళీ తీయించు. పొడి చొక్కా వస్తేనే సంతకం.

నీ వదిన


ఏప్రిల్ 12

వదినా,

తియ్యను.

కారే గొడుగు కింద నడినెత్తి తడుస్తుంది, వీపు తడుస్తుంది, పక్కనున్న పాప కూడా తడుస్తుంది. పాప మీద చుక్క లేదు. కుడి భుజం మీద చుక్క లేదు. ఒక్క ఎడమ భుజమే ఎందుకు తడిసిందో గొడుగులు చేసే నీకు తట్టకపోతే నేను చెప్పను. చెప్పాల్సి వస్తే నా పని దండగ అన్నమాట.

మీ వదిన అన్నదాంట్లో తప్పేముంది, క్లయింటు ఆరబెట్టమంటే ఆరబెట్టు అని మా బాస్ అంటున్నాడు. నాకు చెప్పకుండానే ఇంకొకర్ని పెట్టి పొడి చొక్కాతో ఆ ఒక్క ముక్కా తీయించి ఉంచాడు కూడా. చూశాను. ఒక పాప, ఒక అబ్బాయి, ఒక గొడుగు. ఇస్త్రీ చెదరలేదు. దాన్ని చూసి ఎవరూ గొడుగు కొనరు వదినా. కార్ఖానా మూతపడుతుంది. అప్పుడు నీతో పాటు నేనూ ఏడవాలి.

జడ సంగతి ఎత్తావు కాబట్టి చెబుతున్నాను, నిజంగానే నొప్పి పుట్టేది. కానీ కసి తీర్చుకోవడానికి నేను పుట్టింటి గొడుగుని వాడుకుంటానా? అంత మాట ఎలా రాశావు?

నీకూ నాకూ తగువెందుకు? కార్ఖానాలో అందరినీ కూర్చోబెట్టి చూపించు. ఏమీ చెప్పకు, ఏమీ అందివ్వకు. చూశాక గొడుగు కారుతోందని ఒక్కళ్ళు అన్నా సరే, ఆ పొడి చొక్కాకే సంతకం పెట్టి పంపు. నేను నోరెత్తను.

నీ మరదలు


ఏప్రిల్ 21

మరదలా,

నువ్వు ఇలా కూర్చో. నింపాదిగా చదువు. ఇది పెద్ద ఉత్తరం.

చూపిస్తాను, చూపించి నీ నోరు మూయిస్తాను అనుకునే మొదలుపెట్టాను. భోజనాల తర్వాత ప్యాకింగ్ గదిలో గొడుగుల పెట్టెల మీద టీవీ పెట్టించి అందరినీ పిలిచాను. ఒట్టు, ఎవరికీ ఒక్క ముక్క ముందుగా చెప్పలేదు. మొదటిసారి చూశారు. పిల్ల ముద్దుగా ఉందన్నారు. కాజాలు కుట్టే ఆవిడ మాత్రం "ఆ సంచి పట్టీ పొద్దున బడికి టైమైపోతుంటే వాళ్ళమ్మ గబగబా కుట్టిందమ్మా, చేతికి దొరికిన దారంతో. నేనూ అంతే" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కుట్టు బాగాలేదని మాత్రమే చూశాను కదా నేను.

రెండోసారి వేశాను. సగంలో మాటలు ఆగిపోయాయి. అందరూ టీవీ దగ్గరికి జరిగారు. అయిపోయాక నేనే ఆగలేక అడిగాను, "ఆ అబ్బాయి చొక్కా చూశారా?"

"చూశామమ్మా."

"గొడుగు కారుతున్నట్టు లేదూ?"

ప్యాకింగ్ చేసే పెద్దాయన నా వంక అదోలా చూశాడు. "కారడమేంటమ్మా? గొడుగంతా చెల్లెలి వైపు వంచి పట్టుకుంటే ఆ అబ్బాయి తడవడా?"

మరదలా, నేను అక్కడే పెట్టె మీద చతికిలబడ్డాను. రోజూ చేతుల్లో పట్టుకునే వస్తువు. దాని ఊచ తెలుసు, గుడ్డ తెలుసు, కుట్టు తెలుసు. దాని కింద ఇద్దరు నడుస్తారన్న సంగతి ఎప్పుడైనా ఆలోచించానా? ఈలోగా గదిలో గోల మొదలైంది. మా నాన్న ఇలాగేనని ఒకరు, మా ఆయనకైతే రెండు చొక్కాలు ఆ వైపే వెలిసిపోయాయని ఒకరు. గుడ్డ కత్తిరించే ఆవిడ కళ్ళు ఒత్తుకుంటూ, "మా పెద్దక్కని చూసి పదేళ్ళయింది, ఈ ఆదివారం వెళ్తానమ్మా, సెలవు అడగను, ఆదివారమే వెళ్తాను" అంది. మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ వేశాను. మళ్ళీ వెయ్యమన్నారు.

అప్పుడు వెనక్కి తిరిగితే తలుపు దగ్గర మీ అన్నయ్య. ఎప్పుడొచ్చి నుంచున్నారో ఏమో. టీవీ ఆగిపోయినా అటే చూస్తున్నారు. నేను చూసేసరికి గబుక్కున వెళ్ళిపోయారు. వెనకే వెళ్ళాను. ఊచల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. చేతిలో పట్టకారు ఉంది, పట్టకారులో ఊచ లేదు.

"ఏమైందండీ?" అన్నాను.

"అది చూడలేదనుకున్నాను" అన్నారు.

"ఏది?"

"దారంతా కబుర్లే దానికి. టీచరు ఇలా అంది, ఆ పిల్ల అలా అంది... తల తిప్పేది కూడా కాదు. ఇల్లు రాగానే లోపలికి ఒకటే పరుగు. నేను బయటే చొక్కా పిండుకుని వచ్చేవాణ్ణి, అమ్మ చూస్తే దాన్ని తిడుతుందని. అది చూడలేదనే అనుకున్నాను ఇన్నాళ్ళూ."

అని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా పెళ్ళయ్యాక ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. నాకూ ఏడుపు వచ్చింది. నాకు ఏడుపొస్తే కోపం కూడా వస్తుందని నీకు తెలుసు కదా. "అయితే నా పక్కన నడిచేటప్పుడు కూడా అలాగే తడిసేవారా?" అని నిలదీశాను. "నువ్వు పక్కన ఎప్పుడు నడిచావు? ఎప్పుడూ నాలుగడుగులు ముందే కదా" అన్నారు. ఇద్దరం నవ్వేశాం.

కారుతోందని ఒక్కళ్ళు కూడా అనలేదు. నువ్వే గెలిచావు. జడ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సంతకం చేసిన కాగితం ఇందులోనే ఉంది. చూసుకో, ఒక్క చుక్క కూడా ఆరబెట్టడానికి వీల్లేదు. ఆ పొడి చొక్కా ముక్కని మీ బాస్‌నే దాచుకోమను.

దీవెనలు, బాకీతో సహా,
నీ వదిన


మే 24

వదినా,

నమస్కారాలు, అన్నయ్యకీ నీకూ.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. అది తప్పే అయింది. బల్ల కింద ఏదో పడిపోయినట్టు నటిస్తూ వంగి ఏడవాల్సి వచ్చింది. అన్నయ్యకి చెప్పు, నేను చూశాను. దారిలో తల తిప్పలేదు, నిజమే. ఇంట్లోకి పరిగెత్తి కిటికీలోంచి చూసేదాన్ని. ఆ వయసులో ఏమనాలో తెలియలేదు. పెద్దయ్యాక ఊరికే ఎదురుగా నుంచుని అనడానికి ఇద్దరికీ సిగ్గే. అందుకని ఇలా అన్నాను. మొదట్లోనే నీకు ఒక్క ముక్క రాసి ఉంటే ఇంత రాద్ధాంతం జరిగేది కాదు. కానీ రాసి ఉంటే అన్నయ్య తలుపు దగ్గర అలా నుంచునేవాడా? ఆ ఒక్కటీ తలుచుకుని నా మొండితనాన్ని క్షమించేసుకున్నాను.

యాడ్ టీవీలో వస్తోంది, చూస్తూనే ఉంటావు. మొన్న బస్సులో నా ముందు సీటులో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. "ఆ గొడుగు యాడ్‌లో చొక్కా చూశావా?" అంది ఒకమ్మాయి. "ఏ చొక్కా?" అంది రెండోది. "అయ్యో, చూడలేదా! రేపు మళ్ళీ వస్తుంది, అప్పుడు వెనక చూడు. నేను చెప్పను" అంది మొదటిది. నేను చెప్పను అంది వదినా! లేచి ఆ పిల్లని ముద్దు పెట్టుకోబోయి ఆగాను. ఇప్పుడు ఊళ్ళో ఒకరికొకరు ఇదే పని. మా బాస్ కూడా వచ్చినవాళ్ళందరికీ "తడి చొక్కా ఉండాల్సిందేనని నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను" అంటున్నాడు. నవ్వు ఆపుకోలేక చస్తున్నాను.

ఒకటే భయం. ఇక్కడ ఆకాశంలో మబ్బుతునక లేదు. ఈసారి కూడా వానలు ఆలస్యమేనని రేడియోలో చెప్పారు. రోజూ పొద్దున్నే కిటికీ తెరిచి చూసి ఉసూరుమంటున్నాను. యాడ్ ఎంత బాగుంటే మాత్రం, ఎండలో గొడుగు ఎవరు కొంటారు? సిమెంటు వ్యాపారి మళ్ళీ వచ్చాడా? నిజం రాయి. దాచకు.

బెంగతో,
నీ మరదలు


జూన్ 30

మరదలా,

ఎండలో గొడుగు ఎవరు కొంటారని అడిగావు. జనం కొంటారే తల్లీ, జనం!

ఉత్తరం ఆలస్యమైందని తిట్టకు, ఊపిరి సలిపితే కదా. నీ ఉత్తరం వచ్చిన వారానికే డీలర్లు రావడం మొదలైంది. ఆ పేపరు డీలరు ఉన్నాడే, స్వయంగా వచ్చి ఆఫీసు గుమ్మంలో నుంచున్నాడు. నేనూ పేపరు చేతిలోకి తీసుకుందామనుకున్నాను గానీ మర్యాదకి మానేశాను. "ఏం మాయ చేశారమ్మా, కొట్టుకి వచ్చినవాళ్ళంతా ఆ అన్నయ్య గొడుగు కావాలంటున్నారు" అన్నాడు. ఎండ మండిపోతుంటే కొనుక్కెళుతున్నారట! వానకి కాదట, వాళ్ళ అన్నయ్యకట, నాన్నకట, కూతురికట. ఒకావిడ నాలుగు కొని నాలుగూ నాలుగు ఊళ్ళకి పార్సిల్ చేసిందట. మీ అన్నయ్యని డీలరుకి చూపించి "అసలు అన్నయ్య ఈయనే" అన్నాను. ఆయన ఊచల బల్ల వెనక దాక్కున్నారు.

మిషన్ల మీద ముసుగులన్నీ తీసేశాం. రెడీమేడ్ కంపెనీకి వెళ్ళిన ముగ్గురికీ కబురు పెడితే మర్నాడే వచ్చేశారు, తిన్నగా ఎవరి స్టూలు మీద వాళ్ళు కూర్చుని దారం ఎక్కించారు. గుడ్డ కత్తిరించే ఆవిడ వాళ్ళ అక్కని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఆవిడా కత్తెర బాగానే పడుతుంది. సిమెంటు వ్యాపారి కొలతల టేపు పట్టుకుని వచ్చాడు పాపం. కాలు పెట్టడానికి చోటు లేక గుమ్మంలోనే ఆగిపోయాడు. టీ ఇచ్చి, షెడ్లు ఇవ్వడం లేదని మర్యాదగా చెప్పాను. ఎన్నాళ్ళ నుంచి అనాలనుకున్న మాటో అది! ఆయన వెళుతూ రెండు గొడుగులు కొనుక్కెళ్ళాడు.

ఇప్పుడు నిన్నటి సంగతి. మధ్యాహ్నం పెద్ద లారీ వచ్చింది. ఉన్నవన్నీ ఎక్కించినా ఆర్డరుకి తక్కువే వచ్చాయి. అద్దాల బీరువాలో నమూనాకి పెట్టినవి తీసి ఎక్కించాం. తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న మీ అన్నయ్య గొడుగు కూడా తుడిచి ఎక్కించబోతుంటే డ్రైవరు తనకి కావాలని అడిగి తీసుకున్నాడు. లారీ మలుపు తిరిగింది. సాయంత్రం బెల్లు మోగింది. అందరం గుమ్మంలోకి వచ్చాం. అప్పుడు పడింది చూడు వాన!

రెండేళ్ళుగా దాచుకున్నదంతా ఒక్కసారే కుమ్మరించినట్టు పడింది. గుమ్మంలో ఇంతమందిమి. కాజాల ఆవిడ అలవాటుగా లోపలికి తిరిగి "ఒక గొడుగు ఇవ్వండమ్మా" అంది. నేను ప్యాకింగ్ పెద్దాయన వంక చూశాను. ఆయన నా వంక చూశాడు. గొడుగుల కార్ఖానాలో, మరదలా, ఒక్కటంటే ఒక్క గొడుగు లేదు! ఎవరు ముందు నవ్వారో తెలియదు. నవ్వి నవ్వి గోడలు పట్టుకున్నాం. మీ అన్నయ్య అయితే పొట్ట పట్టుకుని కూలబడి మరీ నవ్వారు. ఆ గుమ్మంలో ఆయన అలా నవ్వడం మామయ్యగారు ఉన్నప్పుడు చూశాను, మళ్ళీ నిన్ననే.

ఇంక ఆగేదేముంది? ఆడా మగా అందరం వానలోకి దిగిపోయాం. వీధంతా కేకలూ నవ్వులూ. ఎదురింటి వాళ్ళు కిటికీలు తెరిచి, గొడుగులు చేసేవాళ్ళు తడుస్తూ పోతున్నారేమిటా అని నోళ్ళు తెరుచుకుని చూశారు. "అన్నీ అమ్ముడుపోయాయండీ!" అని నడివీధిలో గొంతు చించుకుని అరిచాను. ఇల్లు చేరేసరికి ఒంటి మీద పొడి దారం ఒక్కటి లేదు. ఇంత సంతోషంగా నేను ఎప్పుడూ తడవలేదు. రేపటి నుంచి రెండో షిఫ్టు నడుపుతున్నాం.

తుమ్ముతూ,
నీ వదిన